ఎవరూ మాట్లాడలేదు

పోలీసులు అడిగినప్పుడు కూడా నేను కాలేజీ లైబ్రరీ దగ్గర్నుంచే మొదలుపెట్టాను. నవంబరు నెల, శనివారం పొద్దున, కింది అంతస్తులో పాత కాగితాల గది. బల్లకి ఒక పక్క నేను, ఎదురుగా నా చెల్లెలు ఐలా. నాకు అరవై రెండు, దానికి యాభై ఎనిమిది. ఇద్దరి మధ్యా, లిక్ ఫోర్క్ అనేచోట ఆడవాళ్ళు తమ మీటింగుల్లో జరిగింది రాసుకున్న పాత మినిట్స్ పుస్తకం.

మేం పుట్టుకతో క్వేకర్లం, పూజారి లేకుండా మౌనంగా ప్రార్థించే క్రైస్తవులం. మా వంశం వేర్లు తవ్వడం ముప్పై ఏళ్ళుగా నా పని. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. నాకున్నదల్లా మా ముత్తాతకి తాత, అసాహెల్ కోసండ్. రోడ్లు లేని రోజుల్లో కరోలినా నుంచి గుర్రమెక్కి ఇండియానా అడవుల్లోకి వచ్చిన బోధకుడు. మంచులో పడుకుని, మొక్కజొన్న రొట్టె తిని, పదకొండు చోట్ల మీటింగులు, అంటే మా ప్రార్థన సంఘాలు, పెట్టించాడు. ఆయన మీద నేను రాసిన పుస్తకం సోమవారం అచ్చుకి వెళ్ళాలి. ఐలాకి అందులో ఒక్క పేజీ అదనంగా కావాలి. గొడవంతా ఆ పేజీ గురించే.

ఆ గదిలో పెన్సిలు తప్ప పెన్ను తియ్యకూడదు. ఐలా మాత్రం ఎప్పట్లాగే జుట్టు ముడిలో ఆకుపచ్చ సిరా పెన్ను గుచ్చుకుని కూర్చుంది. లైబ్రరీ అమ్మాయి రెండుసార్లు వచ్చి దాన్ని చూసి ముఖం చిట్లించుకుని పోయింది. ముప్పై ఏళ్ళు బడిలో పంతులమ్మగా చేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది. నేను ఏది రాసినా దాని చేతికిచ్చేదాకా ఊరుకోదు. అబద్ధం కనబడితే ఆకుపచ్చ గీత, నిజమైతే ఆకుపచ్చ టిక్కు. నచ్చిందో లేదో మాత్రం ఈ జన్మలో ఎప్పుడూ రాయలేదు.

"చదువక్కా. కళ్ళజోడు పెట్టుకుని చదువు," అంది.

చదివాను. అసాహెల్ మొదటి భార్య టామర్ మీద ఫిర్యాదు వచ్చింది. బోధకుడి మీద లేనిపోని మాట పుట్టించిందట. ఏం మాటో రాయలేదు. రాయరు. మా పద్ధతి ప్రకారం ఇద్దర్ని నియమించారు, ఆమె ఇంటికెళ్ళి మాట్లాడి రమ్మని. మరుసటి నెల రెండో శనివారం ఆ ఇద్దరూ వచ్చి చెప్పారు, వెళ్ళాం, ఆమె మాట వెనక్కి తీసుకోలేదు అని. వచ్చే నెలకి వాయిదా. అలా పదకొండు వాయిదాలు. పన్నెండోసారి ఒక్కటే ముక్క: "విషయం మీటింగు ముందు పెట్టాము. ఎవరూ మాట్లాడలేదు."

అక్కణ్ణుంచి టామర్ పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

"నాలుగు నెలల్లో అసాహెల్ రెండో పెళ్ళి చేసుకున్నాడు," అంది ఐలా. "మీటింగు ఒప్పుకుంది. మొదటి పెళ్ళాం బతికుండగా మనవాళ్ళు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోరు."

"అంటే పోయిందని వాళ్ళకి తెలుసు. మరి చావుల పట్టీలో లేదేం?"

"రాయడం మర్చిపోయి ఉంటారు."

"మీటింగులో ఎవడు కునుకు తీశాడో కూడా రాసిపెట్టుకున్న మనుషులక్కా వీళ్ళు. మర్చిపోతారా?"

నాకు ఒళ్ళు మండింది. "ఇంటి పెద్దని బజారుకీడ్చి నువ్వేం బావుకుంటావే?"

"టామర్ కూడా మన ఇంటి పెద్దే. నువ్వు ఆ పేజీ వెయ్యకపోతే నేనే వేస్తా. మన చుట్టాలు రెండొందల పద్నాలుగు మందికీ పంపుతా. ముందు లిక్ ఫోర్కులో వాళ్ళు కూర్చున్న ఆ మీటింగు ఇల్లు చూడాలి. కారు తియ్యి."

దీని నోరు ఎవరైనా మూయిస్తే బాగుండు అనుకున్నాను. మనసులోనే అనుకున్నాను. పోలీసులకి ఈ ముక్క చెప్పలేదు.

లిక్ ఫోర్కుకి రెండు గంటల దారి. దారి పొడుగునా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పెట్రోలు బంకు దగ్గర ఐలా పర్సిమన్ పండు పుడ్డింగు కొని, నాకు పెట్టకుండా ఒక్కతే తింది.

మీటింగు ఇల్లు సోయా చేను మధ్యలో ఉంది. ఆ చేను డోర్సీ బ్లెవిన్స్‌ది, తాళంచెవీ ఆయన దగ్గరే. ట్రాక్టరు దిగకుండానే మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"మళ్ళీ చచ్చినవాళ్ళ కోసమేనా? పోయినేడు టెక్సస్ నుంచి ఒకాయనొచ్చి, సమాధి రాళ్ళేవని నా చేనంతా తొక్కిపోయాడు."

"మావాళ్ళు రాళ్ళు పెట్టరు," అన్నాను.

"మరింకేం చూస్తారు? మట్టా?" తాళంచెవి నా కాళ్ళ దగ్గర పడేశాడు. "నాలుగింటికి నేను ఇంటికెళ్ళిపోతా. ఈలోగా తెచ్చివ్వండి."

ఆ ఇంటికి రెండు తలుపులు, ఒకటి మగవాళ్ళకి, ఒకటి ఆడవాళ్ళకి. తాళం ఆడవాళ్ళ తలుపుకి వేసి ఉంది. మగవాళ్ళ తలుపుకి లోపల గడియ. ఐలా తాళం తీసి లోపలికెళ్ళింది. దాని వెనకాల దాని తలుపులోంచి వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. "ఆ గడియ తియ్యి," అని కేకేసి, చుట్టూ తిరిగి మగవాళ్ళ తలుపులోంచి వెళ్ళాను. ఎంత చిన్నబుద్ధో చూడండి.

లోపల ఒకటే పెద్ద గది. నడిమధ్యన గదిని రెండుగా చీల్చే చెక్క పలకల అడ్డు ఒకటి ఉంటుంది. అటక మీద చక్రం తిప్పితే తాళ్ళ మీద కిందికి దిగుతుంది, పైకి లేస్తుంది. మగవాళ్ళ పనులు ఇటు, ఆడవాళ్ళ పనులు అటు విడివిడిగా జరుపుకోవడానికి. అప్పుడది పైకి లేపి ఉంది. ముందు వైపు, మిగతా వాళ్ళకి ఎదురుగా పెద్దలు కూర్చునే బల్ల. ఆరిపోయిన పొయ్యి వాసన, ఎలకల కంపు. బల్లల మీద వేలు పెడితే దిగబడేంత దుమ్ము.

టైము మూడు కావస్తోంది. కిటికీల్లోంచి వెలుగు బాగానే వస్తోంది. ఐలా అటు పక్క మూడో బల్ల మీద కూర్చుంది. నేను ఇటు పక్క కూర్చున్నాను. మాట్లాడుకునే ముఖాలు కావు కదా, ఇద్దరం నోరు మూసుకున్నాం.

తప్పు అక్కడ జరిగింది. మాలో మీటింగు మొదలవడానికి గంట కొట్టరు, పాట పాడరు, పంతులు రాడు. ఇద్దరు మనుషులు బల్ల మీద కూర్చుని మౌనంగా ఉంటే చాలు, మొదలైనట్టే. చంటిపిల్లలప్పట్నుంచీ అలవాటైన పని. కూర్చోగానే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది, చేతులు ఒళ్ళోకి వస్తాయి. అది రెండో శనివారమని, వాళ్ళ మీటింగు రోజని ఇద్దరికీ తట్టలేదు. పొద్దుటే ఆ పుస్తకంలో ప్రతి పేజీ నెత్తినా చదివి కూడా తట్టలేదు.

ఎంతసేపు అలా ఉన్నామో తెలీదు. ముందు వాసన మారింది. తడిసిన ఉన్ని వాసన. వానలో నడిచొచ్చిన మనుషులు పొయ్యి దగ్గర చేరితే వచ్చే వాసన. బయట వాన లేదు.

తర్వాత నా వెనక బల్ల కిర్రుమంది. ఎవరో బరువైన మనిషి కూర్చున్నట్టు. తర్వాత దాని వెనక బల్ల. తర్వాత ఇంకోటి...

తల తిప్పలేదు. మీటింగులో తల తిప్పితే అమ్మ గిల్లేది. అరవై రెండేళ్ళ మనిషిని, ఆ భయంతోనే తిప్పలేదంటే నమ్మండి.

ఎవరో దగ్గి అణుచుకున్నారు. నా పక్కన, మూరెడు దూరంలో, ఎవరో ఊపిరి తీస్తున్నారు. నెమ్మదిగా. ముసలి ఊపిరి.

అప్పుడు పైన అటకలో చక్రం తిరిగింది.

తాడు కిర్రుమంటోంది. చెక్క చెక్కకి రాసుకుంటోంది. అడ్డు దిగుతోంది... జానెడు జానెడుగా. ఐలా ఇటు తిరిగింది. దాని కళ్ళు కనబడ్డాయి. తర్వాత గడ్డం. తర్వాత ఒళ్ళో చేతులు. తర్వాత బూట్లు. తర్వాత చెక్క.

ఎదురు బల్ల దగ్గర ఈక కలం గీస్తున్న చప్పుడు. గర్ర్... గర్ర్... ఆగింది.

"మిత్రులారా." మగ గొంతు. పెద్దగా లేదు. కోపం కూడా లేదు. "మన బోధకుడి మీద మాట పుట్టించిన ఆడమనిషి విషయం. మాట వెనక్కి తీసుకోనంటోంది. ఇంటింటికీ పంపుతానంటోంది."

గదిలో కోపం తెలిసింది. ఎవరూ కదల్లేదు, ఎవరూ గొణగలేదు. నలభై మంది ఒక్కసారిగా పళ్ళు బిగబట్టి కూర్చుంటే గాలి ఎలా ఉంటుందో అలా ఉంది. అవతలి పక్క కూడా బల్లలు నిండినట్టు గుడ్డల రాపిడి వినబడుతోంది. ఆ ఆడవాళ్ళ మధ్యలో నా చెల్లెలుంది.

"ఈ విషయం ఇవాళ తేల్చేద్దామనుకుంటున్నాం. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి."

మౌనం అర్ధాంగీకారం అంటారు లోకంలో. మాలో అది పూర్తి అంగీకారం. మేం చేతులెత్తం, ఓట్లు వెయ్యం. మీటింగు నడిపే క్లర్కు మాట చదువుతాడు. కాదన్నవాడు ఒక్కడుంటే చాలు, ఒక్కడంటే ఒక్కడు, ఆ పని ఆగిపోతుంది. ఎవరూ మాట్లాడకపోతే అందరూ అవునన్నట్టే. ఇది నాకు అక్షరాలు రాకముందే తెలుసు.

పలకల సందులోంచి ఐలా గొంతు వచ్చింది. గుసగుసగా.

"అక్కా... ఉన్నావా?"

...

"అక్కా, ఏదో ఒకటి అను. కాదని చాలు. నన్ను మాట్లాడనివ్వట్లేదు వీళ్ళు. నోటి మీద... అక్కా."

కలం గాల్లో ఎత్తి పట్టుకున్నట్టుంది, గీత చప్పుడు ఆగింది. అందరూ నాకోసం ఆగారు. అది మాత్రం నాకు తెలుసు. నా పక్కనున్న మనిషి నా వైపు తిరిగాడు, ఊపిరి నా చెంపకి తగిలింది. చల్లగా. "నువ్వేమంటావు?" అన్నాడు.

నా గొంతు పెగల్లేదు.

కలం మళ్ళీ గీసింది. రెండే గీతలు. అంతే.

మాలో మీటింగు ముగిసిందని చెప్పడానికి పెద్దలు పక్కవాడితో చేయి కలుపుతారు. నా ఒళ్ళోంచి నా చెయ్యిని ఎవరో తీసుకున్నారు. ఎండిన కంకి పొట్టులా ఉంది ఆ చెయ్యి. ఒకసారి ఊపి వదిలేశారు.

అడ్డు పైకి లేచింది. వెలుగు అలాగే ఉంది. గడియారం చూస్తే మూడూ పది. గదిలో ఎవరూ లేరు. ఇటు పక్క బల్లలన్నిటి మీదా దుమ్ములో మనుషులు కూర్చున్న గుర్తులు, వరసలు వరసలుగా. అటు పక్కా అంతే. ఐలా కూర్చున్న మూడో బల్ల మీద మాత్రం దుమ్ము చెదరలేదు. అక్కడ ఎవరూ ఎన్నడూ కూర్చోనట్టుంది.

పోలీసులు కుక్కల్ని తెచ్చారు, చేనంతా తొక్కారు, బావిలో వెతికారు. డోర్సీ వాళ్ళకి ఒక సంగతి చెప్పాడు. మూడుంపావుకి ఇద్దరు ఆడవాళ్ళు ఆడవాళ్ళ తలుపులోంచి బయటికొచ్చి, చేతులు పట్టుకుని ఇంటి వెనక్కి నడిచి వెళ్ళారట. ఒకావిడ జుట్టులో పెన్ను ఉందట. ఇంకొకావిడ నేనేననుకున్నాడట. నేనప్పుడు మగవాళ్ళ తలుపు ముందు, మెట్ల మీద కూర్చుని ఉన్నాను, ఒక్కదాన్నే.

పుస్తకం అచ్చయింది. ఆ పేజీ లేకుండా.

డిసెంబరులో రెండో శనివారం, మూడింటికి, మా హాల్లో రెండు కుర్చీలు నా కుర్చీకి ఎదురుగా తిరిగి ఉన్నాయి. నేను తిప్పలేదు. తడి ఉన్ని వాసన వచ్చింది. నా కుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాలు ఎవరో ఇద్దరు నన్ను చూస్తూ కూర్చున్నారు. తర్వాత వాసన పోయింది. జనవరిలో మళ్ళీ. ఫిబ్రవరిలో మళ్ళీ. మార్చిలో మిన్నియాపొలిస్ పారిపోయి హోటల్లో దిగాను. అక్కడున్నవి రెండే కుర్చీలు. రెండూ నా మంచం వైపు తిరిగాయి.

చదివిన చదువంతా అదే కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. నా మీద ఫిర్యాదుంది. ఇద్దర్ని నియమించారు. వాయిదా వేస్తున్నారు. అక్టోబరుకి పదకొండు వాయిదాలు అయిపోయాయి.

దీన్నుంచి బయటపడే దారి ఒకటే. తప్పు చేసినవాళ్ళు తమ తప్పు తామే ఖండించుకుంటూ కాగితం రాసివ్వాలి. దాన్ని మీటింగులో పైకి చదువుతారు. రాసినవాళ్ళు అక్కడే నిలబడి వినాలి. మీటింగుకి తృప్తి కలిగితే వదిలేస్తారు. మీరు చదువుతున్నది ఆ కాగితమే. నేను వదిలేయమని అడగట్లేదు. ఐలాని వెనక్కి పంపమంటున్నాను.

రెండు వారాల కిందట మొదటిసారి రాసి బల్ల మీద పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే ఒక్క వాక్యం కొట్టేసి ఉంది, ఆకుపచ్చ సిరాతో. "నా గొంతు పెగల్లేదు" అన్న వాక్యం. ఆ గీత నాకు యాభై ఏళ్ళుగా తెలుసు. చివర కొంచెం పైకి లేస్తుంది. కాగితం పట్టుకుని వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. మళ్ళీ రాశాను. ఈసారి "భయంతో నోరు రాలేదు" అని మార్చాను. మళ్ళీ గీత. చిన్నప్పట్నుంచీ అంతే, మాటలు అటూ ఇటూ మారిస్తే దానికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇది మూడోసారి. పైన ఆ వాక్యం అలాగే ఉంచాను, అబద్ధం ఎక్కడుందో కనబడాలని. నిజం ఇది.

నా గొంతు బాగానే ఉంది. ఊపిరి కూడా తీసుకున్నాను. "కాదు" అన్న మాట నాలిక మీదికి వచ్చింది. అప్పుడు ఆ పేజీ గుర్తొచ్చింది. రెండొందల పద్నాలుగు మందికి పంపుతానన్న మాట గుర్తొచ్చింది. నాకు పెట్టకుండా తిన్న పుడ్డింగు కూడా గుర్తొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నా. ఒక్క క్షణం ఆగుదాం, ఇది కాస్త హడలిపోనీ అనుకున్నాను. ఆ ఒక్క క్షణంలో కలం గీసింది. నా చెల్లెల్ని నేను నోరు మూసుకుని అప్పజెప్పాను. అసాహెల్ కూడా ఇలాగే కూర్చుని ఉంటాడు, పెళ్ళాం అవతలి పక్కనుంచి పిలుస్తుంటే. ఇన్నేళ్ళు ఆయన రక్తమని మురిసిపోయాను. నిజంగా ఆయన రక్తమే.

మార్నా కోసండ్, పదకొండో నెల, రెండో శనివారానికి ముందురోజు.

*

ఈ కింది నాలుగు ముక్కలు శనివారం పొద్దున రాస్తున్నాను.

కొట్టివేతలు లేవు. "అప్పజెప్పాను" అన్నచోట మార్జిన్లో ఒక ఆకుపచ్చ టిక్కు ఉంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. తర్వాత గుర్తొచ్చింది, అది నిజమైన వాటికి టిక్కు పెట్టేది. నచ్చిన వాటికి కాదు.

ఇవాళ నా పేరు చదువుతారు. అభ్యంతరముంటే చెప్పమంటారు. ఆ గదిలో నా తరఫున కాదనగలిగేది ఒక్కతే. దాన్ని మాట్లాడనిస్తారో లేదో తెలీదు. మాట్లాడనిచ్చినా, అంటుందో లేదో తెలీదు.

లిక్ ఫోర్కుకి నేను వెళ్ళను. తలుపులన్నీ వేసుకుని హాల్లోనే కూర్చున్నాను. మూడింటికి ఇంకా చాలా టైముంది అనుకున్నాను. కానీ ఇందాకట్నుంచీ నెత్తి మీద తాడు కిర్రుమంటోంది, చెక్క చెక్కకి రాసుకుంటూ దిగుతోంది... జానెడు జానెడుగా.

మా ఇంటికి అటక లేదు.